కనబడని గాయములకు మందు వేసినవారు

(ఒక పఠనమందిరపు సభలో చేసిన ఉపన్యాసము)



యుద్ధము ముగిసిన వెంటనే పతకములు పంచుట అన్ని దేశములందును ఉన్న ఆచారమే. శత్రువుల కోటపై జెండా నాటినవానికి పతకము. తెగిన నరమును కట్టి ప్రాణము నిలిపిన వైద్యునికి పతకము. అవి తగినవే, మేము కాదనము. కాని ఒంటిపై గీటైనను లేక, చేతులు వణకుచు, నోట మాట రాక, కంటికి నిద్ర లేక వచ్చిన సైనికుని ప్రక్కన ఏండ్లతరబడి కూర్చుండిన వైద్యుని పేరు ఎందరెరుగుదురు? అట్టివారి దీర్ఘసేవను ఏల గౌరవింపవలెనో నేడు మనవి చేయదలచితిమి.

1915లో చార్లెస్ మైయర్స్ అను ఆంగ్లేయుడు లాన్సెట్ పత్రికలో వ్రాసిన వ్యాసముతో "షెల్ షాక్" అను పేరు వైద్యలోకమునకు తెలిసెను. పెక్కుమంది సేనాధిపతులు మాత్రము అది పిరికితనమే యనిరి. 1916లో పిరికితనపు నేరముపై కాల్చిచంపబడిన హారీ ఫార్ అను బ్రిటిషు సైనికుడు అంతకుముందే ఈ వ్యాధితో ఆసుపత్రిలో నెలలతరబడి ఉన్నవాడు. అతనికిని, అట్లే శిక్షపడిన వారికిని కలిపి 306 మందికి క్షమాభిక్ష లభించినది 2006లో. తొంబది సంవత్సరములు గడచిన పిమ్మట!

ఆ యుద్ధముననే వైద్యులొక పాఠము నేర్చిరి. రోగిని దూరపు ఆసుపత్రికి సాగనంపక, రణరంగమునకు చేరువనే, ఆలస్యము లేకుండ, "నీవు బాగుపడుదువు" అను ధైర్యము చెప్పుచు, నిద్రయు, వేడి అన్నమును, విశ్రాంతియు నిచ్చినచో పెక్కుమంది కోలుకొందురు. అమెరికా సైన్యమున థామస్ సాల్మన్ అను వైద్యుడు ప్రతి డివిజనునకు ఒక మానసిక వైద్యుని నియమింపజేసెను.

శాంతి వచ్చెను; పాఠము మరుగునపడెను. రెండవ మహాయుద్ధము నాటికి ఆ డివిజను వైద్యుని పదవియే లేదు. సైన్యములో చేర్చుకొనునపుడే బలహీనమనస్కులను ఏరివేసిన చాలునని అమెరికావారు నమ్మి, పది లక్షలకు పైగా యువకులను త్రోసిపుచ్చిరి. అయినను 1943లో ట్యునీషియాలో రోగులు గుంపులుగా వెనుకకు తరలిరి. తిరిగి విధులలో చేరినవారు కొలదిమందియే. ఆ ఏటనే సిసిలీలో జనరల్ ప్యాటన్ ఆసుపత్రిలోనున్న ఇట్టి రోగుల నిద్దరిని చెంపపై కొట్టెను. ఫ్రెడరిక్ హాన్సన్ అను వైద్యుడు పాత పద్ధతిని మరల నిలిపెను. ఆ యేటి చివర పదవియు మరల ఏర్పడెను. ఎంత గట్టివాడైనను 200 మొదలు 240 దినములు పోరిన పిదప కృశించునని ఆపెల్, బీబీ అనువారు 1946లో లెక్కకట్టి చూపిరి. పిరికివాడను మాటకు ఇంతకన్న సమాధాన మేమి కావలెను?

1950లో కొరియాయుద్ధము వచ్చినపుడు మరల అదే కథ. తొలినెలలలో రోగులను జపానునకు తరలించిరి. ఇటలీలో డివిజను వైద్యుడుగా పనిచేసియుండిన ఆల్బర్ట్ గ్లాస్ ఆ యేటనే అక్కడికి వచ్చి, చికిత్సను రణరంగమునకు చేరువ చేసెను. అంతటితో ఆగక, రెండవ మహాయుద్ధపు అనుభవములను సంపుటములుగా కూర్చుటకు సంపాదకుడై శ్రమించెను. అవి 1966లోను 1973లోను వెలువడెను. మరచిపోవు లోకమునకు జ్ఞాపకశక్తి యగుటయే దీర్ఘసేవ యని మేమందుము.

ఇచట ఒక ప్రశ్న తప్పదు. రోగిని బాగుచేసి మరల అగ్నిలోనికి పంపుట సేవ యెట్లగును? న్యాయమైన ప్రశ్నయే. 1982 నాటి లెబనాను యుద్ధమున పాల్గొనిన ఇజ్రాయేలు సైనికులను జహావా సాలమన్ బృందము ఇరువది సంవత్సరములు పరిశీలించి, రణరంగసమీపమున చికిత్స పొందినవారికి తరువాతి బాధ తక్కువయని 2005లో ప్రకటించెను. కావున ఆ చికిత్స సైన్యమునకే గాక మనిషికిని మేలు చేసినది. అయినను వైద్యుని ధర్మసంకటము తీరదు. "ఈతడిక పోరాడలేడు, ఇంటికి పంపుడు" అని సేనాధిపతి యెదుట చెప్పగలిగిన వైద్యునికే మా మొదటి నమస్కారము.

ఇక గౌరవమన నేమి? పూలదండయు శాలువయు ఒక పూటవి. శాంతికాలమున ఆ పదవిని రద్దుచేయక నిలుపుట, ఆ వైద్యుని వ్రాతలను క్రొత్తవారిచే చదివించుట, అతని శిష్యులకు జీతము తగ్గింపకుండుట నిజమైన సన్మానము. మన పల్లెలనుండియు యువకులు సైన్యమునకు పోవుచున్నారు. తిరిగివచ్చిన వారిలో ఎవడైన రాత్రి ఉలికిపడి లేచినచో "పిచ్చి", "పిరికి" అను రెండు మాటలను నోట రానీయకుందుము. ఆ వైద్యుల సేవకు మనము చెల్లింపగల పతకము అదియే.