మొదటి హ్యాండ్‌గన్ ఏది కొనాలి? ఇంటికీ, వెంట పెట్టుకోవడానికీ ఒకటే సరిపోతుందా?

నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. ఇక్కడ ఈమధ్యే గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో వచ్చిన మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మొదటిసారి గన్ కొంటున్నా. ఇంట్లో రక్షణకి పనికిరావాలి, బయటికెళ్తే వెంట పెట్టుకునేలా ఉండాలి. ఏది తీసుకోమంటావ్?" ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

మోడల్ పేర్లకి ముందు వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకోసం. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, ఫ్రెండ్‌తో రేంజ్‌కెళ్ళి సరదాగా చేత్తో పట్టుకుని కాల్చినా ఇరుక్కుంటారు. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది, ఆపైన డిపోర్టేషన్. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్ని అడగండి. యూట్యూబ్‌ని కాదు, నన్నూ కాదు. రేంజ్‌లో దిగిన ఫోటో ఇన్‌స్టాలో పెట్టారంటే మీ మీద మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు.

మీరు సిటిజనే, కానీ మీ రూమ్మేట్ స్టూడెంట్ వీసా మీద ఉన్నాడనుకోండి. అప్పుడు గన్ లాక్ చేసిన సేఫ్‌లో ఉండాలి, తాళమైనా కోడ్ అయినా మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. "మనోడే కదా" అని కోడ్ చెప్పకండి. మీ మంచితనం వాడి కెరీర్ మీదకి తెస్తుంది.

సరే, అర్హత ఉన్నవాళ్ళ దగ్గరికొద్దాం. షాపుకెళ్ళగానే చాలామంది కన్ను అన్నిటికన్నా చిన్న గన్ మీద పడుతుంది. జేబులో పడుతుంది, ముద్దుగా ఉంది అని. ముఖ్యంగా ఆడవాళ్ళు వస్తే కౌంటర్ వెనకాయన చిన్న రివాల్వర్ తీసి చూపిస్తాడు. నాకు అస్సలు నచ్చని అలవాటు ఇది. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. అలాంటి చిన్న రివాల్వర్‌లో సాధారణంగా ఐదే రౌండ్లు, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, గురి చూసుకునే సైట్స్ కూడా అంతంతమాత్రం. చాలా ప్రాక్టీస్ ఉన్నవాళ్ళకి అది మంచి ఆయుధమే. కొత్తవాళ్ళకి మాత్రం నాలుగు రౌండ్లు కాల్చేసరికి చెయ్యి నొప్పి, ఇక రేంజ్ ముఖం చూడరు.

నా ఓటు మధ్య సైజుకి. గ్లాక్ 19 తీసుకోండి, 1988 నుంచి ఉన్న మోడల్. 9 ఎంఎం, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు, బ్యారెల్ సుమారు 4 అంగుళాలు. చేతినిండా పట్టు దొరుకుతుంది, వదులు చొక్కా కింద దాగుతుంది కూడా. సన్నగా ఉన్నవాళ్ళకి అది లావనిపిస్తే, 2018లో వచ్చిన సిగ్ పీ365 చూడండి. బాగా చిన్నది, అయినా మ్యాగజైన్‌లో 10 రౌండ్లు పడతాయి. కాకపోతే గ్లాక్ 19 కన్నా కాస్త ఎక్కువ తన్నుతుంది. స్లైడ్ వెనక్కి లాగడమే కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ ఉంది, అలాంటివాళ్ళ కోసమే చేశారు. అమ్మానాన్నల వయసు వాళ్ళకి నేను ముందు ఇదే చూపిస్తాను.

క్యాలిబర్ గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. 9 ఎంఎం తీసుకోండి, అయిపోయింది. ఎఫ్‌బీఐ వాళ్ళు కూడా .40 వాడి, మళ్ళీ 9 ఎంఎంకే వచ్చారు. ఇంట్లో వాడేది హాలో పాయింట్ రౌండ్ అయ్యుండాలి. ఇక్కడి ఇళ్ళ గోడలు మన ఊళ్ళో లాగా ఇటుక గోడలు కాదు, డ్రైవాల్. గురి తప్పితే అవతలి గదిలోకి పోతుంది, ఆ గదిలో పిల్లలు పడుకుని ఉండొచ్చు. హాలో పాయింట్ కూడా డ్రైవాల్‌ని దాటుతుంది. కాబట్టి మీ పడకగది నుంచి ఏ వైపు కాల్చకూడదో పగలే నిలబడి చూసుకోండి.

కొనేముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని రెండు మూడు మోడల్స్ కాల్చి చూడండి. ఒక్కోదానితో 50 రౌండ్లు చాలు. 7 గజాల దూరంలో పేపర్ ప్లేట్ పెట్టండి. రౌండ్లన్నీ ప్లేట్ మీద పడే గన్ మీది. యూట్యూబ్ రివ్యూలో పడే గన్ ఆ రివ్యూ చేసినవాడిది.

డబ్బంతా గన్‌కే పెట్టేయకండి. చిన్న సేఫ్, మంచి హోల్‌స్టర్, ప్రాక్టీస్ రౌండ్లు, ఒక రోజు క్లాస్, వీటికి విడిగా పక్కన పెట్టుకోండి. హోల్‌స్టర్ గట్టిదై ఉండాలి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాలు, లిప్‌స్టిక్‌ల మధ్య గన్ పడేసుకోవడం ప్రమాదం. దిండు కింద పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేసి, అది వాళ్ళ చేతిలో పడితే అదే ఒక నేరం. "మా వాడికి తెలీదులే" అనుకోకండి. అల్మారా పైన దాచిన స్వీట్ డబ్బా ఎన్నిరోజులు దాగింది మీ ఇంట్లో?

బయటికి తీసుకెళ్ళే విషయానికొస్తే, 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అర్హులకి లైసెన్స్ అక్కర్లేదు. అయినా లైసెన్స్ తీసుకోమనే చెబుతాను. ఆ క్లాసులో చట్టం తెలుస్తుంది, దాన్ని ఒప్పుకునే వేరే రాష్ట్రాలకి వెళ్ళినప్పుడూ పనికొస్తుంది. తలుపు మీద ఎర్రగా 51% అని బోర్డు కనిపిస్తే, అది బార్ లాంటి చోటు, గన్‌తో లోపలికి వెళ్ళకూడదు. స్కూళ్ళు కూడా అంతే. పక్క రాష్ట్రానికి కారు తిప్పారంటే రూల్స్ మారిపోతాయి, బయల్దేరే ముందే చూసుకోండి.

తర్వాతి ఎపిసోడ్‌లో హోల్‌స్టర్ ఎలా ఎంచుకోవాలో, ప్యాంటూ చొక్కా ఏ సైజు వేసుకోవాలో చూపిస్తాను. ఉంటానండీ.