బియ్యం సరే, కూర మాటేంది?

మంత్రాలయం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు మన వంటింటి ముచ్చట.

నా చిన్నప్పుడు ఇంట్లో అన్నానికి లోటు లేదు, బియ్యం కార్డు మీద వచ్చేది. లోటంతా కూరకే. నెలాఖర్లో కూరగాయల బండి అరుపు వినపడితే అమ్మ లోపలికి పోయేది. "ఈపొద్దు ఊరిబిండితో తినండ్రా" అనేది. మాకు ఇష్టమని చేసిందనుకునేవాళ్లం. చేతిలో డబ్బుల్లేక చేసిందని పెద్దయ్యాక తెలిసింది.

2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది ఉచితం. కడుపు నిండుతుంది, నిజమే. కానీ ఆకుకూరా టమాటా కొనాల్సిందే కదా. రక్తం తక్కువున్న ఆడపిల్లకు తెల్లన్నం ఒక్కటే సరిపోదు.

ఇంకోపక్క మన పత్తికొండ చూడండి. ధర పడిపోయినప్పుడు కిలో టమాటా రూపాయికీ అడిగేవాళ్లు లేక రైతులు రోడ్డు మీద పారబోశారు. ఒకచోట పారబోత, ఇంకోచోట ఉత్తి మెతుకులు!

దీనికి మన దగ్గర 1999 జనవరి 26న రైతు బజార్లు పెట్టారు. రైతే నేరుగా అమ్ముతాడు, దళారీ ఉండడు, ఆరోజు ధర బోర్డు మీద రాస్తారు. మంచి పనే. కానీ జేబే ఖాళీ అయితే ధర తగ్గి ఏం లాభం?

అమెరికాలో పేదలకు సరుకులు కొనుక్కునే ప్రభుత్వ కార్డు ఉంది. 2009లో డెట్రాయిట్‌లో 'డబుల్ అప్ ఫుడ్ బక్స్' అని మొదలైంది. ఆ కార్డుతో రైతుల మార్కెట్‌లో 10 డాలర్లు పెడితే, కూరగాయలు, పండ్లకు ఇంకో 10 డాలర్లు కలుపుతారు. ఇంటికి కూర, రైతుకు బేరం.

మన రైస్ కార్డు మీదా నెలకు 200 రూపాయల కూరగాయల కూపన్ ఎందుకు ఉండకూడదు? అయితే రెండు చిక్కులున్నాయి. రైతు బజార్లు ఎక్కువగా టౌన్లలోనే. బస్సు ఛార్జీ పెట్టి టమాటా తెచ్చుకుంటే ఏం గిట్టుతుంది? కాబట్టి కూపన్ మన ఊరి సంతలో చెల్లాలి. రెండోది, మనోళ్లు సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు కదా, కూపన్ కూడా అట్లే పనిచేయాలి.

ఫ్రెండ్స్, ఈ రాత్రి తినేటప్పుడు అమ్మ పళ్లెంలోకి ఒకసారి చూడండి. కూర మీకు వేసి తను కారంతో తింటోందేమో. చూసి కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.