ముందు చక్రం శబ్దం చేస్తే: బండి ఉన్న ప్రతి ఇంటి అక్క తెలుసుకోవాల్సిన సంగతులు

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ముద్దనూరు గ్రామైక్య సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పోయిన మీటింగుల్లో పొదుపు గురించి, పాడి గేదెల గురించి, కుట్టు మిషన్ల గురించి శానా మాట్లాడుకున్నాం. ఈసారి నన్ను బండ్ల గురించి మాట్లాడమన్నారు. ఎందుకంటే మన సంఘాల్లో అప్పు తీసుకుని బాడుగ కారు, ఆటో, చిన్న లారీ కొన్న ఇండ్లు ఇప్పుడు తక్కువేం లేవు. పాడి గేదె జబ్బు పడితే మనకు తెలుస్తుంది. మేత మెయ్యదు, నెమరు వెయ్యదు, వెంటనే డాక్టరును పిలుస్తాం. బండి జబ్బు పడితే మాత్రం "అది మగోళ్ల సంగతి" అని ఊరుకుంటాం. కానీ కంతు కట్టే పుస్తకం మీద ఉండేది మన పేరే కదా. బండి నిలిచిపోతే సంఘంలో తల వంచుకోవాల్సింది మనమే.

అన్ని రిపేర్లూ ఈ పది నిమిషాల్లో చెప్పలేను. ఒక్కటే తీసుకున్నా. ముందు చక్రం బేరింగు. ముందుగా శబ్దంతో చెప్తుంది, వినకపోతే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఇది ఎంచుకున్నా.

బేరింగు అంటే ఏమిటి?

ఎద్దుల బండి మనందరికీ తెలుసు. ఇరుసు కదలదు, చక్రం తిరుగుతుంది. రెండూ ఒరుసుకోకుండా పెద్దోళ్లు కందెన పెట్టేవాళ్లు. కందెన లేని బండి కిర్రుమని ఊరంతా వినపడేది. కారులో ఆ పని చేసేది బేరింగు. లోపల ఒక ఉక్కు కడియం, బయట ఒక ఉక్కు కడియం, మధ్యలో ఉక్కు గుండ్లు, గ్రీజు. గుండ్లు దొర్లుతాయి కాబట్టి ఒరిపిడి బాగా తగ్గుతుంది. ఇట్లాంటి గుండ్ల బేరింగును బండి ఇరుసుకు పెట్టొచ్చని 1794లోనే వేల్స్ దేశంలో ఒకాయన పేటెంటు తీసుకున్నాడు. అంటే ఇది కొత్త వింతేం కాదు, కందెనకు చెల్లెలు లాంటిది.

ఇప్పటి కార్లలో ముందు చక్రం బేరింగు రెండు వైపులా సీలు వేసి వస్తుంది. దానికి మనం గ్రీజు పెట్టేది ఉండదు. సీలు చెడిపోయి నీళ్లో, దుమ్మో లోపలికి పోతే గ్రీజు చెడుతుంది, గుండ్లు నడిచే దారి గుంటలు పడుతుంది. ఆ గుంటల మీద గుండ్లు దొర్లేటప్పుడు వచ్చేదే ఆ శబ్దం. ఒకసారి గుంట పడితే మళ్లీ మానదు. కాబట్టి "కొంచెం గ్రీజు కొడితే పోతాదిలే" అని ఎవరన్నా చెప్తే సీలు బేరింగుకు ఆ మాట చెల్లదు.

శబ్దాన్ని ఎట్ల గుర్తుపట్టాలి?

బేరింగు శబ్దం ఒక మాదిరి మూలుగు. దూరంగా పిండి మర ఆడుతున్నట్టు "గూ...." అని వస్తుంది. నిదానంగా పోయేటప్పుడు వినపడదు, వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. బండి నడిపేవాళ్ల పక్కన కూర్చుని, అద్దాలు ఎత్తి, పాటలు ఆపి, ఈ నాలుగు పరీక్షలు చెయ్యండి.

ఒకటి. ఖాళీగా ఉండే చదును రోడ్డులో వేగం అందుకున్నాక క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యమనండి. ఇంజను శబ్దం తగ్గినా మూలుగు అట్లే ఉంటే అది ఇంజనుది కాదు, చక్రాల వైపుది. ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు.

రెండు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు పోయినప్పుడు శబ్దం బాగా మారితే టైరు మీద అనుమానం పడాలి. రోడ్డు ఏదైనా ఒకే తీరుగా మూలిగితే బేరింగు మీద అనుమానం పడాలి.

మూడు. మలుపుల్లో చెవి పెట్టండి. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే చాలాసార్లు ఎడమ బేరింగు పోయినట్టు. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడిది. మన జమ్మలమడుగు దారి ఘాట్ మలుపుల్లో ఇది బాగా తెలుస్తుంది.

నాలుగు. బ్రేకు మెల్లగా తొక్కి చూడండి. తొక్కగానే శబ్దం మారిపోతే బ్రేకు ప్యాడ్లు చూపించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోయేటప్పుడు "టక్ టక్" అంటే అది ఇరుసు చివర ఉండే జాయింటు, బేరింగు కాదు.

ఈ తేడాలు ఎందుకింత చెప్తున్నానంటే, మా సంఘంలో ఒక అక్క ఇంట్లో బాడుగ కారు ఉంది. మూలుగు మొదలైతే ఒక షెడ్డులో "టైర్లు అరిగినాయి, మార్చుకోండి" అన్నారు. రెండు కొత్త టైర్లు వేయించినారు. శబ్దం పోలేదు. ముందు టైర్లను వెనక్కి, వెనకవి ముందుకి మార్చి తిప్పి చూసి ఉంటే ఖర్చు లేకుండానే సంగతి తేలేది. శబ్దం టైర్లతో పాటు వెనక్కి పోతే టైర్లది, ముందే నిలిస్తే బేరింగుది. ఆ అక్క వాళ్లు ఇంగా కొన్నాళ్లు అట్లే తిప్పినారు. ఒకరోజు చీనీ తోట కూలీలను పులివెందుల వైపు దింపి వస్తుంటే స్టీరింగు వణికింది. దేవుని దయ, నిదానంగా వస్తున్నారు కాబట్టి పక్కకు ఆపుకున్నారు. ప్రొద్దుటూరుకు కట్టి లాక్కుపోతే బేరింగుతో పాటు హబ్బు కూడా పాడయిందన్నారు. ఒక్క సామానుతో పోయేది టైర్లు, హబ్బు, లాగిన బాడుగ, నిలిచిన రోజుల కూలి, తప్పిన కంతు అన్నీ కలిసి పెద్ద భారమైంది.

జాకీ ఎత్తి చూసే పరీక్ష

బండిని చదును నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఎత్తినాక కింద స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. పిల్లలను దూరంగా ఉంచండి.

చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టి లోపలికి, బయటికి ఊపాలి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కితే కదలిక ఆగిపోతే బేరింగుది. తొక్కినా ఊగుతుంటే కింద బాల్ జాయింటు లాంటిది వదులైంది. కుడి ఎడమలు పట్టి ఊపితే కదిలేది ఎక్కువగా స్టీరింగు రాడ్లది.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పి, ఇంకో చేతి వేళ్లు పైన స్ప్రింగు మీద ఆనించాలి. బేరింగు బాగుంటే మెత్తగా ఉంటుంది. పోయుంటే ఇసుక నలిగినట్టు గరగర వేళ్లకు తెలుస్తుంది. చీర కొంగు, చున్నీ నడుముకు చెక్కుకునే చెయ్యండి, తిరిగే చక్రం దగ్గర వేలాడకూడదు. రెండు వైపులా చూసి పోల్చుకోండి. శబ్దం ముందు నుంచి వచ్చినట్టు వినపడినా ఒక్కోసారి వెనక చక్రానిది అయ్యుంటుంది, అదీ ఎత్తి చూడాలి. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఊగకపోయినా బేరింగు పోయి ఉండొచ్చు. మొదట శబ్దం వస్తుంది, ఊగడం తర్వాత వస్తుంది. ఊగేదాకా వచ్చిందంటే ఆ బండిని ఇంగ బాడుగకు పంపకూడదు.

మార్చేటప్పుడు షెడ్డులో ఏం చూడాలి?

ఈ పని ఇంట్లో చేసుకునేది కాదు, ప్రెస్ మిషను కావాలి. కానీ పక్కన నిలబడి చూడటానికి మనకేం అడ్డం లేదు.

చక్రం నేల మీద ఉన్నప్పుడే ఇరుసు నట్టు వదులు చేస్తారు. తర్వాత ఎత్తి చక్రం తీస్తారు. బ్రేకు కాలిపర్‌ను తీసినాక తీగతో పైకి కట్టాలి. దాని గొట్టం మీద వేలాడదీస్తే గొట్టం దెబ్బతింటుంది. తర్వాత స్టీరింగు రాడ్డు, కింది జాయింటు, పైన బోల్టులు విప్పి, బేరింగు ఉండే పెద్ద ఇనుప ముక్కను బయటికి తీస్తారు. దాన్నే నకిల్ అంటారు. మొదట ప్రెస్ మీద హబ్బును, దాని తర్వాత లాక్ రింగు తీసి పాత బేరింగును నొక్కి తీస్తారు.

అసలు మెలకువ ఇక్కడుంది. కొత్త బేరింగును నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు బయటి కడియం మీదే నొక్కాలి. హబ్బును ఎక్కించేటప్పుడు లోపలి కడియానికి కింద ఆనిక పెట్టాలి. తప్పు కడియం మీద నొక్కితే ఆ భారమంతా గుండ్ల మీద పడి కొత్త బేరింగు ఆ నిమిషమే గుంటలు పడుతుంది. సుత్తితో కొట్టి ఎక్కించినా అంతే. కొత్తది వేసిన కొన్నాళ్లకే మళ్లీ మూలిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎ.బి.ఎస్. ఉన్న బండ్లకు కొన్ని బేరింగుల్లో ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సారు వైపే రావాలి. తిరగేసి వేస్తే డ్యాష్‌బోర్డులో ఎ.బి.ఎస్. లైటు వెలుగుతుంది.

హబ్బు అరిగిందేమో చూడమనండి. అరిగిన హబ్బు మీద కొత్త బేరింగు నిలవదు. ఇరుసు నట్టు కొత్తది వెయ్యాలి. దాన్ని కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితోనే బిగించాలి. బలం కొద్దీ బిగించేది కాదు, వదులుగా వదిలేదీ కాదు. బిగించకుండా బండి బరువు ఆ చక్రం మీద దింపకూడదు. పైబోల్టులు విప్పినారు కాబట్టి చివరికి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఒక పక్క పోతే రెండో పక్కదీ తప్పకుండా మార్చాలని లేదు. పరీక్ష చేసి బాగుంటే ఉంచుకోవచ్చు. కొన్ని కొత్త బండ్లకు హబ్బు, బేరింగు ఒకే ముక్కగా వచ్చి బోల్టులతో బిగుస్తుంది, వాటికి ప్రెస్ పని ఉండదు.

బేరింగు కొనేటప్పుడు ఎస్.కె.ఎఫ్., ఎన్.బి.సి., టిమ్‌కెన్ లాంటి పేరున్నవి అడగండి. ఆ పేర్లతోనే నకిలీ సరుకు కూడా వస్తుంది. అందుకే బిల్లు ఇచ్చే అంగట్లోనే తీసుకోండి. డబ్బా సీలు మన ముందర విప్పాలి. పాత బేరింగును అడిగి ఇంటికి తెచ్చుకోండి. చేత్తో తిప్పితే గరగరమంటుంది, పోయిందో లేదో మీకే తెలుస్తుంది.

ట్రాక్టరు ముందు చక్రాల సంగతి వేరే. అక్కడ బేరింగును విప్పి, కిరసనాయిలుతో కడిగి, రోలర్ల మీద గుంటలు, కాలిన నల్ల మచ్చలు ఉన్నాయేమో చూసి, కొత్త గ్రీజు అరచేత్తో లోపలిదాకా ఎక్కించి వాడుకోవచ్చు. ఆయిల్ సీలు, కాటర్ పిన్ను మాత్రం కొత్తవి వెయ్యాలి. నట్టును చక్రం తిప్పుతూ బిగించి, మళ్లీ కొంచెం వెనక్కి వదలాలి. చక్రం తేలికగా తిరగాలి, ఊగకూడదు.

మన దారుల్లో జాగ్రత్తలు

మన వైపు బేరింగులు తొందరగా పోవడానికి కారణాలు మన కండ్ల ముందరే ఉన్నాయి. ఆర్.టి.పి.పి. బూడిద లారీలు తిరిగే దారుల్లో దుమ్ము. నాపరాయి లోడు బండ్లు తిరిగి పడిన గుంతలు. వానాకాలం వంకల్లో మోకాటి లోతు నీళ్లలో బండి దించడం. ఐదుగురు పట్టే కారులో తొమ్మిది మందిని ఎక్కించడం. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపును చక్రం మధ్యలో గురిపెట్టడం. దుమ్మును మనం ఆపలేము. కానీ లోడు, నీళ్లు, కడిగే తీరు మన చేతుల్లో ఉన్నాయి.

సంఘంగా మనం చెయ్యాల్సింది

ఇప్పుడు మీ ముందు మూడు మాటలు పెడుతున్నా. ఒకటి, బండి అప్పు తీసుకున్న ప్రతి సభ్యురాలు ఒక నోటుబుక్కు పెట్టాలి. ఆయిలు, టైరు, బ్రేకు, బేరింగు ఎప్పుడు మార్చినామో, ఎన్ని కిలోమీటర్లకో రాసి బిల్లు అంటించాలి. రెండు, బాడుగ వచ్చిన ప్రతిరోజూ కొంచెం రిపేరు కోసమని వేరే డబ్బాలో వెయ్యాలి. మూడు, బ్రేకు, స్టీరింగు, చక్రం రిపేరుకు సభ్యురాలు అంతర్గత అప్పు అడిగితే నెల మీటింగు దాకా ఆపకుండా సంఘం వెంటనే కూర్చుని తీర్మానం చెయ్యాలి. చిన్న అప్పు ఈరోజు ఇస్తే పెద్ద అప్పు మొండిబాకీ కాదు. ఆ బండిలో కాన్పుకు ప్రొద్దుటూరు పోయేది మన కూతుళ్లు, కోడళ్లే అని మరిచిపోవద్దు.

ఆడోళ్లకు బండి సంగతులు ఎందుకని అడిగేవాళ్లకు ఒక జవాబు ఉంది. ప్రపంచంలో మొదటిసారి కారులో దూర ప్రయాణం చేసింది ఒక ఆడమనిషే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైన పోయింది. దారిలో పెట్రోలు గొట్టం అడ్డుపడితే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. ఆమెకు మెకానిక్ చదువు లేదు. బండి ఏం చెప్తుందో విని, చూసి చేసింది.

నేను చదివింది పదో తరగతి. మీలో నాకంటే ఎక్కువ చదివినోళ్లు, అనుభవం ఉన్నోళ్లు ఉన్నారు. ఈ రాత్రి ఇంటికి పోయేటప్పుడు బండిలో పాటలు ఆపి ఒక్క ఐదు నిమిషాలు చక్రాల శబ్దం వినండి. మూలుగు వినపడితే రేపటికి వాయిదా వెయ్యొద్దు.