కొండమీది రాతిపువ్వు

మదనపల్లె నుండి హార్సిలీ కొండకు పోవువారు సాధారణముగా చల్లగాలి కొరకు పోవుదురు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. కొండపై భాగము 1,200 మీటర్లకు మించినది. ఆ ఐదువందల మీటర్లు ఎక్కుసరికి గాలి రమారమి మూడు డిగ్రీలు చల్లబడును. ఏనుగు మల్లమ్మ కొండ యని పేరుగల ఈ గిరిని పందొమ్మిదవ శతాబ్దిలో కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర వేసవి విడిదిగా చేసికొనుటకు ఈ చల్లదనమే కారణము. అయితే నేను నేడు శ్రోతల దృష్టిని దారిప్రక్కనున్న బండలమీదికి మరలింపగోరుచున్నాను. ఆ బండలకు బూడిదవన్నె మచ్చలు, లేతపచ్చని మచ్చలు అంటుకొని యుండును. మసాలాలో మన ఇల్లాండ్రు వేయు రాతిపువ్వు ఆ కోవకు చెందినదే.

ఈ రాతిపువ్వు ఒక్క ప్రాణి కాదు. ఒక శిలీంధ్రమును ఒక నాచును కలిసి చేయు కాపురమది. నాచు ఎండవెలుతురు సాయమున గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆహారముగా మార్చును. శిలీంధ్రము మంచుబిందువులను, వానతడిని పట్టి నిలుపుచు, పులుసులను స్రవించి రాతిని కొద్దికొద్దిగా కొరుకును. నేల, నీరు, గాలి, ప్రాణము – ఈ నాలుగును అరచేతి వెడల్పు చోటున ఒకదానితో నొకటి పని చేయించుకొనుచున్నవి. భూగోళమంతట జరుగు వ్యవహారమునకు ఇది చిన్న నమూనా. ఇందు మనకంటికి కానరాని ఐదవ భాగస్వామి హిమము. దాని సంగతి ముందు చెప్పెదను.

ఈ సీమలోని గ్రానైటు, దానికి చుట్టమైన నైసు శిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరగించుకొని, స్వల్పమైన పులుసుగుణముతో వాటిపై పడును. రాతిలోని ఫెల్స్పారు దానికి లొంగి బంకమన్నగును. పలుగు లొంగక ఇసుకగా మిగులును. మన వేరుసెనగ పండు ఎఱ్ఱ గరుసునేల ఇట్లు పుట్టినదే. రాతినుండి కరగిన లవణములు బాహుదానది వెంట చెయ్యేటిలోనికి, అచటినుండి పెన్నలోనికి పోయి, నెల్లూరు సీమలో సముద్రమును చేరును. కుప్పము మీదుగా పాలారు, పలమనేరు మీదుగా కౌండిన్య దిగు నీరు తమిళదేశము దాటి అదే సముద్రమున కలియును. అందలి సున్నపుపాలును గుల్లప్రాణులు తమ కవచములకు వాడుకొనును. అవి చచ్చి అడుగున పేరుకొని సున్నపురాయి యగును. ఇట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువు రాతిలో బందీ యగుచున్నది.

భూమి వేడెక్కినచో వానలు హెచ్చి, రాయి త్వరగా కరగి, ఆ వాయువు తగ్గును. చల్లబడినచో ఈ పని మందగించును. భూగోళము తన వేడిని తానే సరిదిద్దుకొను ఉపాయములలో నిదియొకటి. కాని ఈ దిద్దుబాటుకు లక్షల ఏండ్లు పట్టును. హవాయి దీవిలో 1958లో కీలింగు అను శాస్త్రజ్ఞుడు కొలువ నారంభించిననాడు గాలిలో పదిలక్షలకు సుమారు 315 పాళ్ళుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్ళు దాటినది. ఒక మనుష్యుని జీవితకాలములో మనము చేర్చిన దానిని కొండలు అంత త్వరగా తీర్పజాలవు.

ఇక వాన యెచటిది? నైరృతి ఋతుపవనము పడమటి కనుమలయొద్ద తన సొమ్మును చాలవరకు దించుకొని, మిగిలిన దానితో మన ముంగిటికి వచ్చును. ఆ కొరతను ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతము కొంత తీర్చును. రెండును కలిసి సాలుకు ఇంచుమించు 700 మిల్లీమీటర్లు. అదైనను ఏటేట నమ్మదగినది కాదు.

ఇచటనే హిమము ప్రవేశించుచున్నది. భారత వాతావరణశాఖకు తొలి అధిపతియైన బ్లాన్‌ఫర్డు 1884లో ఒక మాట చెప్పెను. హిమాలయములపై మంచు విస్తారముగా పరచుకొన్న యేట తరువాతి వానలు తగ్గు సూచన కలదని. తెల్లని మంచు ఎండను వెనుకకు త్రోయును. అది కరగువరకు నేల వేడెక్కదు. నేల వేడెక్కనిదే సముద్రపుగాలిని గట్టిగా లాగుకొనజాలదు. ఈ సంబంధము ప్రతి ఏటను ఒకే తీరున నుండదని పిమ్మటివారు కనుగొనిరి. అయినను ఆ చూపు గొప్పది. సుమారు 20,000 ఏండ్ల క్రిందట ఉత్తరఖండములపై హిమము పేరుకొన్ననాడు సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లు దిగువనుండెను. మన ఋతుపవనము బలహీనపడెను. మంచు చూడని మదనపల్లె పొలము సైతము మంచునకు లోబడియే యున్నదన్నమాట.

పసిఫికు సముద్రమునకును మనకును గల చుట్టరికము ఇంకను కఠినమైనది. దాని తూర్పుభాగము వేడెక్కిన ఏండ్లలో మనకు వానలు తప్పుట తరచు. 1877లో అట్టి వేడిమి మిక్కుటముగా నుండెను. 1876 నుండి 1878 వరకు దక్షిణాపథమును కాల్చిన కరవులో అప్పుడు కడప జిల్లాలో నుండిన మదనపల్లె ప్రాంతమును చేరియుండెను. పెరూ తీరపు కెరటమునకును ఇచటి గంజికేంద్రమునకును నడుమ గల దారి నాటివారికి తెలియదు.

ఇంత దూరమునుండి వచ్చిన చినుకు మన నేలపై పడిన పిదప దాని గతిని నిర్ణయించునది మన కొండ, మన చెట్టు, మన చెరువు. బోడికొండపై పడిన వాన గంటలో వంకలోనికి దిగి, మన్నును వెంటగొనిపోవును. చెట్టు కొంత నీరు తాను త్రాగుట నిజమే. కాని రాలిన ఆకులు, వేళ్ళు చేసిన సందులు నీటి వేగము నాపి నేలలోనికి దింపును. అచట మిగిలిన దానిని పెద్దలు గొలుసుకట్టు చెరువులతో పట్టిరి. పై చెరువు మరవ పారిన నీరు క్రింది చెరువునకు వచ్చును. కట్ట క్రింది కపిలబావులు ఆ ఊటతోనే బ్రదికినవి. మూడడుగుల పుంగనూరు ఆవు సైతము ఈ నేల కొలతకు తగినట్లు పెరిగినదే.

నేడు చెరువు పూడినచోట గొట్టపుబావి దిగినది. మదనపల్లె టమాటాకు దేశమంతట పేరు వచ్చినది. ఆ పంటలో చాలభాగమునకు గొట్టపుబావులే ఆధారము. గ్రానైటులో నీరుండునది పైనున్న చివికిన పొరలోను, దాని క్రింది పగుళ్ళలోను మాత్రమే. లోతు పెరిగినకొలది పగుళ్ళు తగ్గును. కావున వెయ్యి అడుగులు త్రవ్విన రైతునకు అప్పు మిగులుట, నీరు మిగులకుండుట మనమెరిగినదే.

కరవునకు మారుమొగము వరద. 2021 నవంబరులో బంగాళాఖాతపు వాయుగుండము ఈ కొండలపై కుండపోతగా కురిసెను. బాహుదా, పింఛా నదులు కలిసి యేర్పడు చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట 19వ తేదీ తెల్లవారుజామున తెగెను. పులపుత్తూరు, తొగూరుపేట, మందపల్లె మునిగినవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. కట్ట తెగుటకు గల కారణములు వేరుగా విచారింపవలసినవి. వాన సంగతి మాత్రము భౌతికశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసినదానిని ఒక్కసారిగా దించగలదు. తక్కువ దినములలో ఎక్కువ వాన కురియు కాలమునకు మన పాతచెరువులు సిద్ధముగా నున్నవా యన్నదే ప్రశ్న.

హిమాలయపు మంచును మనము ఆజ్ఞాపింపలేము. పసిఫికును చల్లార్పలేము. కాని చెరువులోనికి నీరు దెచ్చు కాలువను ఆషాఢమునకు ముందే బాగుచేసికొనగలము. కొండవాలుపై పొదను నరుకక విడువగలము. మరవకట్టను చూచుకొనగలము. హార్సిలీ కొండ ఎక్కినపుడు ఒక్కమారు ఆ రాతిపువ్వును తాకి చూడుడు. అది ఏండ్ల తరబడి కరగించు పిడికెడు మన్ను ఒక్క వానలో కొట్టుకొనిపోకుండ చూచుట మన వంతు.