కొవ్వు తీయించుకొనుటకు ముందు

చీరాల సమీపమందలి కారంచేడు పేరు వినగానే మనలో పలువురకు తోచునది సినిమా. 1936లో ఆ గ్రామమున జన్మించిన డి. రామానాయుడు గారు స్థాపించిన సురేష్ ప్రొడక్షన్స్ వారు 2002లో విడుదల చేసిన 'నువ్వు లేక నేను లేను' చిత్రమునందు కథానాయిక ఆర్తీ అగర్వాల్. అంతకు ముందటి యేడే, నాయుడు గారి కుమారుడు వెంకటేష్ సరసన 'నువ్వు నాకు నచ్చావ్'లో నటించి, ఆమె తెలుగువారికి ఇంటిపిల్ల వలె నైనది.

2015 జూన్ 6వ తేదీన ఆమె అమెరికాలోని న్యూజెర్సీలో మరణించినది. అప్పటికి వయస్సు 31 సంవత్సరములు. కొన్ని వారముల ముందు ఆమెకు కొవ్వు తీసివేయు శస్త్రచికిత్స జరిగినదనియు, తరువాత శ్వాసబాధ కలిగినదనియు ఆనాటి పత్రికలు వ్రాసినవి. మరణకారణమును నిర్ణయించుట మా పని కాదు. అయితే ఈ చికిత్స యెట్టిదో, ఎవరికి తగునో తెలిసికొనుట మనకందరకు అవసరము.

దీనిని లైపోసక్షన్ అందురు. చర్మమున చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టమును లోనికి పంపి, కొవ్వును పీల్చివేయుదురు. 1920లలో పారిస్ నగరమున డుజారియే అను వైద్యుడు ఒక నర్తకి కాలిని సన్నగా చేయుటకై లోపలి కొవ్వును గీకి తీయగా, కాలు కుళ్ళి, దానినే తొలగింపవలసి వచ్చినది. తరువాత చాలకాలమునకు, 1970లలో, ఫ్రెంచి వైద్యుడు ఇల్లూజ్ మొండి కొన గల గొట్టమును వాడి రక్తనాళములకు హాని తగ్గించెను. 1980లలో జెఫ్రీ క్లైన్ అను అమెరికను వైద్యుడు ఉప్పునీటిలో మత్తుమందును, రక్తస్రావమును తగ్గించు మందును కలిపి ముందుగా ఎక్కించు పద్ధతిని తెచ్చెను. పద్ధతి మెరుగైనది, అపాయము మాత్రము పూర్తిగా తొలగలేదు. రక్తపు గడ్డగాని కొవ్వు బిందువులుగాని ఊపిరితిత్తులకు చేరవచ్చును. మందు మోతాదు మించినను ప్రమాదమే.

అసలు సంగతి వేరొకటి కలదు. ఈ చికిత్స తీయునది చర్మము క్రిందనున్న కొవ్వును మాత్రమే. పొట్టలోపల, పేగుల చుట్టును పేరుకొన్న కొవ్వు దీనికందదు. మధుమేహమునకు, గుండెజబ్బునకు ఎక్కువ దోహదము చేయునది అదియే. 2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు 15 మంది స్థూలకాయ స్త్రీలకు సుమారు పది కిలోల వంతున కొవ్వు తీసి, పది పండ్రెండు వారముల పిదప పరీక్షించిరి. రక్తపు పోటులో గాని, చక్కెరలో గాని చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. అంత కొవ్వును తిండి తగ్గించి, నడచి కరిగించినచో ఫలితము వేరుగా నుండెడిది.

కనుక ఇది బరువు తగ్గించు వైద్యము కాదు. బరువు ఇంచుమించు సరిగానే యుండి, ఒకచోట మాత్రము కరగని కొవ్వు గలవారికి రూపము దిద్దు పని. ఒకే పర్యాయము 5 లీటర్లకు మించి తీయుట ప్రమాదమును పెంచునని వైద్యుల అభిప్రాయము. తీసినచోట కొవ్వు కణములు తగ్గును గాని, తిండి మారనిచో మిగిలిన కణములు మరల ఉబ్బును.

ఇందు ప్రేక్షకులమగు మనకును పాలు కలదు. నిండు విగ్రహము గల కథానాయికలను మెచ్చిన మనమే, నేడు నటి కొంచెము లావెక్కిన నవ్వుచున్నాము. పెళ్ళిచూపులలో పిల్ల నడుమును కంటితో కొలుచువారును మనవారే.

చేయించుకొనదలచిన వారు, వైద్యునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. వంటి పట్టము కలదా, మత్తు వైద్యుడు దగ్గర నుండునా, అత్యవసర చికిత్సా విభాగము ఆ కట్టడమందే కలదా అని అడుగుటకు సంకోచింపరాదు. బ్యూటీ పార్లరు వెనుకగదిలో చేయించుకొను పని యిది కాదు. గుండెజబ్బున్నను, రక్తము పలుచబరచు మందులు వాడుచున్నను ముందుగా చెప్పితీరవలెను. ఇంటికి వచ్చిన పిదప ఆయాసము, ఛాతీలో నొప్పి, ఒక కాలి పిక్క వాచుట, చలిజ్వరము, వీనిలో ఏది కనిపించినను తెల్లవారువరకు వేచియుండక, అప్పుడే 108కి ఫోను చేయవలెను.