మడమనొప్పితో ఇరువదియొక్క కిలోమీటర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

గ్రంథాలయోద్యమమును గూర్చి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిని, 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి కాలువపై నడిపిన పడవ గ్రంథాలయమును వారు స్మరించిరి. ఇక నా వంతు వచ్చునప్పటికి మన కార్యదర్శిగారు నా చెవిలో, “మాస్టారూ, మీరు ఆ పరుగు సంగతి చెప్పండి, కుర్రవాళ్ళు కదలకుండా కూర్చుంటారు” అనిరి. ఏబదినాలుగేండ్ల బడిపంతులు కుంటికాలితో పరుగెత్తిన కథ రజతోత్సవమునకు తగునా యని సంకోచించితిని. కాని ఆ కథలో కొంత భాగము ఈ గ్రంథాలయము మెట్లమీదనే జరిగినది. అందుచేత ఒప్పుకొంటిని.

నేను పరుగెత్తినది అర మారథాన్. అనగా 21 కిలోమీటర్ల 97 మీటర్లు, పైన మరొక అర మీటరు. పూర్తి మారథాన్ 1896లో ఏథెన్సునందు సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండనులో రాజకుటుంబము కూర్చున్న చోటి ఎదుట ముగియునట్లు కొలువగా 42 కిలోమీటర్ల 195 మీటర్లయినది. 1921లో ఆ లెక్కయే స్థిరపడినది. రాజుగారి కుర్చీ కొరకు పెరిగిన దూరమును లోకమంతయు నేటికిని పరుగెత్తుచున్నది! దానిలో సగమెంతయో మనవారికి తెలియవలెనన్న, బందరు నుండి మంగినపూడి పోయి, సముద్రపు నీరు తాకి, మరల బందరు చేరుటయని చెప్పవచ్చును.

నాకీ పిచ్చి ఏల పట్టెనని మీరడుగవచ్చును. రక్తపుపోటు పెరిగినదని, నడవవలసినదని వైద్యులు చెప్పిరి. ప్రాతఃకాలమున కాలువగట్టున నడక మొదలిడితిని. నడక కొన్నాళ్ళకు పరుగైనది. 2022లో హైదరాబాదు మారథాన్‌కు పేరు నమోదు చేసికొంటిని. ఆగస్టు చివర జరుగు ఆ పోటీ హుస్సేన్ సాగరము ఒడ్డున ప్రారంభమై గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున ముగియును. పేరు ఇచ్చిన తరువాత తొందర పుట్టినది. ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తువాడను మూడు వారములలో పదునైదు చేసితిని. తప్పంతయు అచ్చటనే యున్నది. ఒకనాటి ఉదయము మంచము దిగి కుడికాలు నేల మోపగా మడమ క్రింద మేకు గ్రుచ్చుకొన్నట్లయినది. పది అడుగులు వేయగా తగ్గినది. తగ్గినది గదా యని ఆనాడును పరుగెత్తితిని.

ఈ జబ్బుకు మోసగుణము కలదు. మడమ ఎముక నుండి కాలివ్రేళ్ళ మొదళ్ళవరకు పాదము అడుగున దట్టమైన పట్టీవంటి పొర కలదు. అరికాలి వంపును నిలుపునది అదియే. దానికి మితిమించిన పని కలిగినప్పుడు మడమ దగ్గర చెడును. వైద్యులు దీనిని ప్లాంటర్ ఫేషియైటిస్ అందురు. మన ఆయుర్వేదములోని వాతకంటకము దీనికి చాల దగ్గరగా నున్నది. రాత్రి విశ్రాంతిలో ఆ పొర బిగిసికొనును. అందుచేత ప్రొద్దుట వేయు మొదటి అడుగు ప్రాణము తీయును. కదలినకొలది నొప్పి అణగును. రోగి నయమైనదనుకొనును. సాయంకాలమునకు వడ్డీతో సహా తిరిగి వచ్చును. సిమెంటునేలపై రోజుకు ఆరు తరగతులు నిలువబడి పాఠము చెప్పు నావంటివానికి ఆ వడ్డీ మరింత హెచ్చు.

నేను కుంటుట మా అమ్మ కంటబడినది. ఆమె మొదట ఇటుక కాల్చి, దానిపై జిల్లేడాకులు పరచి, మడమ ఆనించుమనెను. అట్లే చేసితిని. వెచ్చదనము హాయిగానే యుండెను, నొప్పి మాత్రము పోలేదు. అప్పటికిని నేను హైదరాబాదు ప్రయాణము మానలేదని తెలిసి ఆమె యన్నమాట నేటికిని నా చెవిలో నున్నది. “మీ నాన్న ఆగడానికి వీల్లేక నడిచాడురా. నీకేమొచ్చింది?”

ఆ మాట మీకు అర్థము కావలెనన్న మా నాన్నగారి సంగతి చెప్పవలెను. మాది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము అయిదారు మీటర్ల ఎత్తున లేచి దివిసీమపై పడినప్పుడు నాకు ఆరేండ్లు. ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేలకు దగ్గరగా ప్రాణములు పోయినవి. మరునాడు మా నాన్నగారు తమ్ముని వెదకుటకు బయలుదేరిరి. కూలిన ఇంటికప్పు మీదుగా నడచుచుండగా దూలము మేకు కాలిలో దిగినది. గుడ్డ చుట్టుకొని నాలుగు దినములు నడచిరి. బురదలో, కళేబరముల నడుమ, ఊరూరికి నడచిరి. తమ్ముడు కనబడలేదు. గాయము చీము పట్టినది. ఆ పాదము మరెన్నడును నేలపై సమముగా ఆనలేదు. మేము దివి విడిచి ఈ ఊరు చేరిన తరువాత ఆయన ఎడమకాలు ఈడ్చుకొని నడచుట ఇక్కడి పెద్దలు చూచియే యుందురు.

నేను ఆ మాటను లెక్కచేయలేదు. నొప్పి తెలియకుండుటకు మాత్ర వేసికొని పరుగునకు దిగితిని. ఇది ఎవ్వరును చేయదగిన పని కాదు. నొప్పి చెప్పు కబురును చెవికి చేరనీయకుండుటయే గాని, దానివలన గాయము మానదు. మొదటి కొన్ని కిలోమీటర్లు గాలిలో తేలినట్లుండెను. అటుపిమ్మట వంతెనలు వచ్చినవి. మన డెల్టాలో కాలువగట్టుకు మించిన ఎత్తు మన కాలెరుగదు. అక్కడ రోడ్డుపై రోడ్డు కట్టిరి. ఎక్కుట ఒక యెత్తు, దిగుట మరొక యెత్తు. దిగునప్పుడు శరీరభారమంతయు మడమపై పడును. పదునారవ కిలోమీటరు దగ్గర మాత్ర శక్తి ఉడిగినది. అక్కడినుండి కాలిమునివ్రేళ్ళపై దుముకుచు రెండు గంటల ఏబదియొక నిమిషములకు గమ్యము చేరితిని. మెడలో పతకము వేసిరి. ఛాయాచిత్రము తీసిరి. ఆ చిత్రములో నేను నవ్వుచునే యుంటిని.

మరునాడు గుడివాడ స్టేషనులో రైలు దిగలేకపోతిని. ఇద్దరు విద్యార్థులు చెరియొక రెక్క పట్టి దింపిరి. తరువాత అయిదు మాసములు కుర్చీలో కూర్చుండి పాఠములు చెప్పితిని. నల్లబల్లపై వ్రాయుటకు ఒక పిల్లవానిని నియమించుకొంటిని. వాని దస్తూరి నా దస్తూరి కంటె బాగుండెనని తరగతియంతయు ఒప్పుకొన్నది. నవ్వుతో చెప్పుచున్నాను గాని, బడికి పోలేనేమో, నాన్నగారి కాలు నాకును వచ్చినదేమోయని నిద్రలేని రాత్రులు గడిపితిని. ఆయన కాలికి కారణము తమ్ముడు. నా కాలికి కారణము గోడకు వ్రేలాడు పతకము.

ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లువంటిది కనబడినది. దానిని చూచి నేను భయపడితిని. అట్టి ముల్లు ఏ నొప్పియు లేనివారికిని ఉండుననియు, సాధారణముగా నొప్పికి మూలము అది కాదనియు వైద్యులు చెప్పిరి. సూదిమందు కొన్నాళ్ళు ఉపశమనమిచ్చును గాని పొర తెగు అపాయము కొంత కలదట. పదిమందిలో ఎనమండుగురికి పైగా కోత లేకుండనే, ఏడాది లోపుగా, ఓపికతో నయమగునట. ఆ ఓపికకు ఒక సాధన చెప్పిరి. మెట్టు అంచున నిలిచి, వ్రేళ్ళ క్రింద తువాలు చుట్టి పెట్టుకొని, మడమను మెల్లగా పైకెత్తి, క్షణము నిలిపి, మెల్లగా దింపవలెను. దినము విడిచి దినము చేయవలెను. ఈ సాధన ఫలితము 2014లో డెన్మార్కు పరిశోధకులు ప్రకటించిరి. మూడు మాసములకు ఇది కేవలము సాగదీయుట కంటె మేలు చేసినది. ఏడాది గడచునప్పటికి రెండు తెగలవారును ఇంచుమించు సమానమే. కనుక ఇది మంత్రము కాదు.

మా ఇంటికి మెట్లు లేవు. గ్రంథాలయమునకు కలవు. ప్రతి రెండవ సాయంకాలము తువాలుతో వచ్చి ఈ రెండవ మెట్టుపై పైకి క్రిందికి ఊగు నన్ను చూచి, తలుపు తీయుటకు ఎదురుచూచుచున్నాననుకొని గ్రంథపాలకులు రెండుమారులు పరుగున వచ్చిరి పాపము! మెట్లు అయిన పిదప లోపల కూర్చుండి చదువుట అలవాటైనది. పాత వారపత్రికల కట్టలో 1968 మెక్సికో ఒలింపిక్సు మారథాన్ వృత్తాంతము నాకు దొరికినది.

ఆ ఒక్క పరుగులో ఇద్దరు గాయపడిన మనుష్యులు కలరు. టాంజానియావాడు జాన్ స్టీఫెన్ అఖ్వారీ క్రిందపడి మోకాలు చితికినను, కట్టు కట్టించుకొని, గెలిచినవాడు చేరిన గంటకు పైగా గడచిన తరువాత, చీకటిపడిన మైదానములోనికి కుంటుచు వచ్చి చివరివాడుగా ముగించెను. లోకము అతనిని మరువలేదు. రెండవవాడు ఇథియోపియావాడు అబెబె బికిలా. 1960లో రోమునగరమున చెప్పులు లేని కాళ్ళతో గెలిచినవాడు. 1964లో టోక్యోలో, ఆంత్రపుచ్ఛమునకు కోత జరిగి కొలది వారములే యైనను, మరల గెలిచినవాడు. అతడు మెక్సికోనాటికే కాలిగాయముతో నుండెను. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి ఆగిపోయెను. అతని దేశీయుడు మామో వోల్డే గెలిచెను. అఖ్వారీని గూర్చి వ్రాసినవారు బికిలా ఆగుటను ఒక్క వాక్యములో దాటివేయుదురు. నేనా పుటను చాలసేపు మూయలేకపోతిని. రెండుమారులు లోకమును గెలిచినవాడు నలుగురు చూచుచుండగా ఆగుటకు ఎంత గుండె కావలెనో నాకప్పుడు తోచినది.

2024 ఆగస్టులో మరల హైదరాబాదు పోతిని. ఈమారు మాత్ర లేదు. దూరమును ఏడాది పొడుగున, వారమునకు కొంచెము కొంచెముగా పెంచితిని. మరునాటి ఉదయపు మొదటి అడుగే నాకు న్యాయాధిపతి. ఆ అడుగు ముందటి దినము కంటె బాధించినచో ఆ వారము దూరము తగ్గించితిని. కార్డుపై ఒక్క వాక్యము వ్రాసి జేబులో పెట్టుకొంటిని. “కుంటినచో ఆగవలెను.” పదునాలుగవ కిలోమీటరు తరువాత ఒక వంతెన దిగుచుండగా కుంటితిని. రెండువందల గజములు నాతో నేను తగవులాడితిని. ఇంత దూరము వచ్చితిని గదా, నొప్పి కొంచెమే గదా, ఊరిలో ఏమని చెప్పుదును? ఆ తగవు మధ్య జేబులోని కార్డు చెమటకు తడిసి మెత్తనైనది. కాలిబాటపై కూర్చుంటిని. నాకంటె పెద్దవారు ఎందరో నన్ను దాటిపోయిరి. సిగ్గుపడలేదని చెప్పినచో అబద్ధమగును.

ఇంటికి రాగానే మా అమ్మ అడిగెను. “పతకమేదిరా?”

“లేదమ్మా.”

“కాలో?”

“ఉంది.”

ఆమె నవ్వి లోపలికి పోయి అన్నము వడ్డించెను. మరునాటి మొదటి అడుగు ముందటివారము కంటె అధికముగా బాధింపలేదు. ఆరు తరగతులును నిలువబడియే పాఠము చెప్పితిని.

తరువాతి జనవరిలో, ఒక మంచు వేకువను, బందరు నుండి మంగినపూడికి ఒంటరిగా బయలుదేరితిని. పోటీ లేదు, చూచువారు లేరు. పది నిమిషములు పరుగు, రెండు నిమిషములు నడక. సముద్రము చేరి జోళ్ళు విప్పి కాళ్ళు తడుపుకొంటిని. దక్షిణమున, కంటికానని దూరములో, దివి యున్నది. కొంతసేపు అటే చూచుచు నిలిచితిని. నొప్పి ఆవగింజంత యుండెను, కుంటు మాత్రము లేదు. తిరుగుదారిలో చివరి నాలుగు కిలోమీటర్లు నడచితిని. మూడు గంటల ఇరువది నిమిషములు పట్టినది. మొదటిమారు కంటె దాదాపు అరగంట అధికము.

ఆవగింజంత నొప్పి నేటికిని కలదు. అందుచేత సాయంకాలపు సాధన మానలేదు. రజతోత్సవ సందర్భమున ముందరి మెట్లు పగులగొట్టి నున్నని రాళ్ళు పరపింప సంకల్పించినట్లు వింటిని. కార్యవర్గమువారికి నా మనవి యొక్కటే. రెండవ మెట్టు అంచు మాత్రము గరుకుగా నుంచుడు. నున్నని రాతిపై నా తువాలు జారును.