ఉన్నవాళ్ల డాక్టరు

మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లడం మనందరికీ తెలిసిందే. తీరా వెళ్లి కూర్చున్నాక ఏం మాట్లాడాలో తోచకపోవడమూ తెలిసిందే. అలా దిక్కుతోచని ఇళ్లకు వెళ్లడాన్నే వృత్తిగా చేసుకున్న ఒక డాక్టరు గురించి ఈపూట చెబుతాను. పేరు కాలిన్ ముర్రే పార్క్స్. బ్రిటన్‌లో సైకియాట్రిస్టు. 1928లో పుట్టి, 2024 జనవరిలో కన్నుమూశారు.

1966 అక్టోబరు 21, శుక్రవారం. వేల్స్‌లోని అబర్‌ఫాన్ అనే బొగ్గుగనుల ఊరు. గనిలోంచి తోడిన మట్టీ రాళ్లూ ఏళ్ల తరబడి కొండమీద గుట్టలుగా పోశారు. పొద్దున తొమ్మిదింబావుకి, పిల్లలు అప్పుడప్పుడే క్లాసుల్లో కూర్చుంటుండగా, నీళ్లకు నానిన గుట్ట ఒకటి జారి బడిమీద పడింది. 144 మంది పోయారు. వాళ్లలో 116 మంది పిల్లలే. బిడ్డ పోయిన తల్లీ, బిడ్డ బతికిన తల్లీ ఒకే వీధిలో రోజూ ఎదురుపడాల్సిన ఊరది. పార్క్స్ అక్కడికి వెళ్లి పనిచేశారు. ఏళ్ల తరవాత ఆ ఊరి జననాల లెక్క తీస్తే, ప్రమాదం తరవాతి అయిదేళ్లలో పుట్టిన పిల్లల సంఖ్య పెరిగింది. బిడ్డలు పోయిన ఇళ్లలోనే కాదు, పోని ఇళ్లలోనూ. నష్టం కొన్ని ఇళ్లదే అయినా ఊరంతా దాన్ని మోసిందని నాకనిపిస్తుంది.

దుఃఖమంటే కన్నీళ్లేనని మనం అనుకుంటాం. పార్క్స్ చూపు ఇంకోచోట పడింది. ప్రతి మనిషి తలలోనూ తాను ఇలాగే ఉంటుందని నమ్ముకున్న లోకం ఒకటి ఉంటుంది. మనిషి పోయినా ఆ లోకం వెంటనే పోదు. భర్త పోయినావిడ పొద్దున్నే అలవాటు చొప్పున రెండు కప్పులు తీస్తుంది. రెండో కప్పులో కాఫీ పోస్తుండగా గుర్తొస్తుంది. గేటు చప్పుడైతే చటుక్కున తల తిప్పుతుంది. బజార్లో ఎవరి వీపో చూసి గబగబా నాలుగడుగులు వేస్తుంది. ఆపైన, నాకు మతి పోతోందేమోనని హడలిపోతుంది. మతి పోవడం లేదమ్మా, ఇంత దెబ్బ తిన్నవాళ్లు ఇలా వెతుక్కోవడం మామూలే అని నమ్మకంగా చెప్పేవాళ్లు కావాలి. ఈ వృత్తిలో సగం పని అదే.

మంచం పట్టి పోయినవాళ్ల ఇంట్లో మనసు కొంతైనా సిద్ధపడుతుంది. ఉన్నట్టుండి పోతే ఆ వ్యవధి దొరకదు. చిన్న వయసులో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లమీద పార్క్స్ బోస్టన్‌లో మరికొందరితో కలిసి చేసిన అధ్యయనంలో, ముందస్తు సూచన లేకుండా పోయిన ఇళ్లలోనే కోలుకోవడం కష్టమైంది. దెబ్బ మనసుతో ఆగదు కూడా. భార్యలు పోయిన 4,486 మంది పెద్దవయసు మగవాళ్ల వివరాలు చూస్తే, మొదటి ఆరు నెలల్లో మరణాలు మామూలుకంటే 40 శాతం ఎక్కువ. అందులో గుండెజబ్బులదే పెద్ద వాటా. గుండె పగిలి పోయాడన్న మన ఊళ్ల మాట ఉత్తమాట కాదన్నమాట.

ఇంత చేసినాయన, దుఃఖపడే ప్రతివాళ్లకీ కౌన్సెలింగ్ కావాలని అనలేదు. చాలామంది ఇంట్లోవాళ్ల ఆసరాతో తేరుకుంటారు. ఎవరిని వదిలేయాలో, ఎవరి పక్కన కూర్చోవాలో పోల్చుకోవడంలోనే పనితనం ఉంది. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోట, పార్క్స్ నడిపించిన సేవలో ఇళ్లకు వెళ్లింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. వితంతువుల కోసం మార్గరెట్ టోరీ 1959లో పెట్టిన క్రూజ్ అనే సంస్థకూ ఆయన దశాబ్దాలపాటు అండగా నిలిచారు. సునామీ తరవాత, 2005లో మన దేశానికీ వచ్చారు.

మనకు పదకొండు రోజుల కర్మకాండ ఉంది, నెలమాసికాలున్నాయి, సంవత్సరీకం ఉంది. ఇల్లు నిండా చుట్టాలుంటారు. పెద్దకర్మ భోజనాలు కాగానే అందరూ బస్సెక్కుతారు. ఆ సాయంత్రం ఇంట్లో మిగిలేది ఒకరో ఇద్దరో. కౌన్సెలర్ పని మొదలయ్యేది అక్కడే. నెలలు గడిచినా నిద్ర పట్టనివాళ్లు, తిండి సహించనివాళ్లు, తామూ పోతే బాగుండునని అంటున్నవాళ్లు మీ ఎరికలో ఉంటే, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్‌కు ఫోన్ చేయించండి. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు 14416. రాసుకునేవాళ్ల కోసం మరోసారి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.